గాజుపెట్టెలో ఊరి కప్ప: మధ్య ఐరోపాలో వివేరియం కళ చరిత్ర

జీవులు తమ సహజమైన పరిసరాల్లో ఉన్నట్టే ఉండేందుకు మట్టి, నీరు, రాళ్లు, మొక్కలు కూర్చి కట్టిన గాజుపెట్టెను వివేరియం అంటారు. నీరు మాత్రమే ఉన్నదానిని అక్వేరియం అనీ, నేల మాత్రమే ఉన్నదానిని టెర్రేరియం అనీ విడదీసి చెప్పడం పంతొమ్మిదో శతాబ్దపు ఉత్తరార్ధంలో స్థిరపడింది. బతుకులో కొంత భాగం నీటిలోనూ కొంత భాగం నేలమీదా గడిపే కప్పలకు ఈ రెండూ కావలసిందే గనుక, వాటికి సరిపడే పెట్టెను కట్టడం కష్టమైన పనిగా మొదటినుంచీ పేరుపడింది. నేడు ఈ పెట్టె అనగానే దక్షిణ అమెరికా అడవుల రంగురంగుల విషకప్పలు గుర్తుకు రావడం సహజమే అయినా, ఈ కళకు పునాది వేసినవారు తమ ఊరి కుంటలో, తమ తోటగోడ కింద దొరికే మామూలు కప్పలను ఇంటికి తెచ్చి నెలల తరబడి కనిపెట్టి చూసినవారు. ప్రాణిని బతికించే నేర్పు కూడా శాస్త్రజ్ఞానంలో భాగమేనని జర్మన్ భాషా ప్రాంతాల్లో సాగిన ఈ చరిత్ర చెబుతుంది. ఆ నేర్పును చిన్నచూపు చూసినప్పుడు శాస్త్రానికి ఎంత నష్టం జరిగిందో కూడా చెబుతుంది.

న్యూరెంబర్గ్ నగరంలో సూక్ష్మచిత్రాలు గీసి జీవించిన ఆగస్ట్ యోహాన్ రోజెల్ ఫొన్ రోజెన్‌హోఫ్ (1705–1759) పురుగుల రూపాంతరాలను చిత్రించి పేరు తెచ్చుకున్న తరువాత, తన ప్రాంతపు కప్పలమీద దృష్టి నిలిపారు. 1753 నుంచి భాగాలుగా వెలువడుతూ 1758లో పూర్తయిన ఆయన గ్రంథం తన దేశపు కప్పల సహజచరిత్రనే విషయంగా తీసుకుని, లాటిన్, జర్మన్ భాషల్లో పక్కపక్కనే అచ్చయింది. దానికి ఆ కాలపు ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త ఆల్బ్రెక్ట్ ఫొన్ హాలర్ పీఠిక రాశారు. జత కట్టడం, గుడ్ల ముద్ద, తోకకప్ప, కాళ్లు మొలిచే క్రమం, పెరిగిన కప్ప, దాని ఎముకల గూడు వరుసగా కనిపించే ఆ చేతిరంగుల చిత్రఫలకాలు నేటికీ ప్రకృతి చిత్రకళలో మేటివిగా నిలిచివున్నాయి. సరిగ్గా అదే 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ తన వర్గీకరణ గ్రంథం పదో ముద్రణలో ఈ చల్లని శరీరపు ప్రాణులన్నింటినీ అసహ్యకరమైనవిగా వర్ణించారు. లోకం ఏవగించుకునే ప్రాణిని ఇంట్లో పెట్టుకుని అంత ఓపికగా చూసిన రోజెల్ గొప్పతనం ఆ పోలికలో తెలుస్తుంది.

ఆ బొమ్మల వరుస గీయాలంటే తోకకప్పలను గుడ్డు దశ నుంచి కప్ప దశ వరకు చావకుండా పెంచక తప్పదు, అది కనిపించినంత తేలిక కాదు. నీరు మురిగితే మొదటి వారంలోనే పోతాయి. చిన్న పాత్రలో ఎక్కువ ఉంటే ఎదుగుదల ఆగిపోతుంది. ముందుకాళ్లు కూడా బయటపడి తోక కుదించుకుపోయే రోజుల్లో మొప్పలు కరిగి ఊపిరితిత్తులు పని మొదలుపెడతాయి గనుక, అప్పటివరకు ఈదుతూ పెరిగిన ఆ ప్రాణికి ఎక్కి కూర్చునే ఒడ్డు దొరకకపోతే నీటిలోనే మునిగి చస్తుంది. తోక ఇంకిపోయేదాకా అది మేత కూడా ముట్టదు. తోకలోని కణజాలమే దానికి ఆ కొద్ది రోజుల ఆహారం. ఏటవాలుగా నీటిలోకి దిగే ఒడ్డు కప్పపెట్టెకు ప్రాణమన్న పాఠం ఇలా పెంచి చూసినవారికే బోధపడింది.

పండితుల గదుల బయట, జర్మన్ ఇళ్లలో కప్పకు మరొక స్థానం ఉండేది. ఆకుపచ్చని మెరుపుతో, వేళ్ల చివర అంటుకునే గుండ్రని మెత్తలతో, బొటనవేలంత ఉండే చెట్టుకప్పను పొడవైన గాజు కూజాలో వేసి, అడుగున కొద్దిగా నీరు పోసి, లోపల ఒక చిన్న చెక్క నిచ్చెన నిలిపి, కప్ప నిచ్చెన ఎక్కితే ఎండ, నీటిలోకి దిగితే వాన అని నమ్మేవారు. ఎండకాసే రోజున పురుగులు ఎత్తున ఎగురుతాయి గనుక బయట చెట్టుకప్ప వాటికోసం పైకొమ్మలకు ఎక్కుతుందన్న పరిశీలన ఈ నమ్మకానికి మూలం. మూసిన కూజాలో అది ఎక్కినా దిగినా దానికి వాతావరణంతో చెప్పుకోదగ్గ సంబంధం లేదు. వానలు మొహం చాటేసిన ఏట రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకునే తెలుగు పల్లెల కప్పతల్లి ఆచారాన్ని ఎరిగిన పాఠకులకు, కప్పనూ వాననూ ముడివేసిన ఆ జర్మన్ నమ్మకం వింతగా తోచదు. ఆ కూజా కప్పకు మంచి ఇల్లు కాదు: మట్టి లేదు, మొక్క లేదు, గాలి ఆడదు, ఈగలు దొరకని చలికాలంలో తిండీ లేదు. అయినా కప్పను గాజులోంచి చూసే అలవాటును మామూలు కుటుంబాల్లోకి తెచ్చింది ఈ కూజాయే.

గాజును కూజా స్థాయి నుంచి పెట్టె స్థాయికి పెంచిన మలుపు లండన్‌లో, కప్పతో ఏ సంబంధమూ లేకుండా వచ్చింది. నగరపు పొగలో ఫెర్న్ మొక్కలను బతికించలేక విసిగిన వైద్యుడు నథానియల్ బాగ్‌షా వార్డ్, 1829లో ఒక చిమ్మట ప్యూపాను తడిమట్టితో మూతపెట్టిన సీసాలో ఉంచి, అందులో ఒక ఫెర్న్, ఒక గడ్డిమొక్క వాటంతటవే మొలవడం గమనించారు. పగటి వేడికి మట్టిలోని తేమ ఆవిరై గాజు లోపలివైపు బిందువులుగా పట్టి మళ్లీ మట్టిలోకే జారుతుండటంతో, నీళ్లు పోయకుండానే ఆ మొక్కలు ఏళ్ల తరబడి బతికాయి. 1833లో ఆయన మొక్కలు నాటిన గాజుపెట్టెలను ఓడలో సిడ్నీకి పంపగా అవి క్షేమంగా చేరాయి. 1842లో ఆయన తన పద్ధతిని పుస్తకంగా ప్రచురించారు. 1845లో బ్రిటన్ గాజుమీద ఎక్సైజు పన్ను ఎత్తివేయడంతో గాజుపలకల ధర తగ్గింది. 1849లో లండన్ జంతుప్రదర్శనశాల సరీసృపాల భవనాన్నీ, 1853లో చేపల భవనాన్నీ తెరిచింది. వార్డ్ పెట్టె మధ్యతరగతి ఇళ్ల కిటికీల్లోకి చేరి, అక్కడినుంచి ఐరోపా అంతటా వ్యాపించింది.

మొక్కకు సరిపడిన పెట్టె కప్పకు సరిపడలేదు. కప్ప నోటితో నీరు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరి కూడా కొంతవరకు చర్మం ద్వారానే తీసుకుంటుంది. అందువల్ల తేమ లేకపోతే అది ఎండి చస్తుంది. అదే చర్మం చుట్టూ ఉన్న మురికిని కూడా లోపలికి తీసుకుంటుంది గనుక, గాలి ఆడని పెట్టెలో మలమూత్రాలు కుళ్లి పుట్టే అమ్మోనియా దానికి విషమవుతుంది. తేమ నిలవాలంటే పెట్టె మూసివుండాలి, గాలి మారాలంటే తెరిచివుండాలి. కప్పల వివేరియం నిర్మాణ చరిత్రలో ముఖ్యమైన భాగమంతా ఈ రెండు అవసరాల మధ్య రాజీ కుదర్చడానికి జరిగిన ప్రయత్నమే. 1884లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వెలువడిన యోహాన్ ఫొన్ ఫిషర్ గ్రంథం పెట్టెలో ఏ మొక్కలు నాటాలి, ఏ ప్రాణులను ఉంచాలి అన్న రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలిపి చర్చించింది. 1890లో జర్మనీలో ఈ అభిరుచి గలవారి కోసం ప్రత్యేక పత్రిక మొదలైంది. 1897లో ఇంగ్లండులో మతాచార్యుడు గ్రెగరీ బేట్మన్ వివేరియం పేరుతోనే ఒక ఆచరణ గ్రంథం ప్రచురించారు.

ఆ తరం కట్టిన పద్ధతిని దగ్గరగా చూస్తే దాని వెనుక ఉన్న ఆలోచన తెలుస్తుంది. చట్రానికి నాలుగువైపులా గాజుపలకలు బిగించి, పైకప్పుకు సన్నని తీగవలో చిల్లుల జింకు రేకో వేసేవారు. అడుగున గులకరాళ్ల పొర ఉంటుంది. పైన చిలకరించిన నీరు మట్టిలో నిలిచి పులియకుండా ఆ పొరలోకి దిగిపోతుంది. దానిమీద బొగ్గుముక్కలు, ఆపైన ఇసుక కలిపిన ఆకుమట్టి, అన్నింటికంటె పైన నాచు పరుస్తారు. మట్టిని ఒకవైపు ఎత్తుగా, మరొకవైపు పల్లంగా పోసి, పల్లంలో అంచులకు రాళ్లు పేర్చిన నీటితొట్టిని దింపుతారు. ఎత్తువైపు ఒక బెరడుముక్కను బోర్లిస్తే దాని కింద పగలంతా చీకటిగా, చల్లగా ఉంటుంది. గరుకు చర్మంతో నేలమీద తిరిగే గోదురు కప్ప అందులో దూరి సాయంకాలం దాకా కదలదు. ఫెర్న్‌లు, ఐవీ తీగ నీడనూ తేమనూ ఇస్తాయి. వాటి వేళ్లూ, మట్టిలోని సూక్ష్మజీవులూ, ఆకుల కింద చేరే చిన్నచిన్న పురుగులూ వ్యర్థాలను ఎప్పటికప్పుడు సంగ్రహించి పెట్టెను తనంతట తానే శుభ్రపడేలా చేస్తాయి. పెంపకందారు చేయవలసిన పని గాజు తుడవడం, తొట్టినీరు మార్చడం, ఎండుటాకు తీయడం. మట్టిని అస్తమానం తవ్వి మార్చేవారి పెట్టెలు కుదురుకోవన్న గ్రహింపు ఈ కాలంలోనే వచ్చింది, అది నేటికీ చెల్లుతుంది.

ఒకే పెట్టె అన్ని కప్పలకూ పనికిరాదు. చెట్టుకప్పకు పొడవు, కొమ్మలు కావాలి. గోదురు కప్పకు వెడల్పు, తవ్వుకోవడానికి లోతైన మట్టి కావాలి. పొట్టకింద పసుపు, ఎరుపు మచ్చలుండే చిన్న నీటికప్పలకు పెట్టెలో సగానికి పైగా నీరే ఉండాలి. నోట పట్టే ప్రతి కదిలే ప్రాణినీ ఆహారంగానే చూసే కప్పల్లో పెద్దవాటినీ చిన్నవాటినీ కలిపి ఉంచితే చిన్నవి మిగలవు. కదలని తిండిని కప్ప గుర్తించకపోవడం పెంపకందారులకు మొదటినుంచీ పెద్ద చిక్కు. దాని కంటి నాడులు చిన్నగా కదిలే వస్తువుకు ప్రత్యేకంగా స్పందిస్తాయని 1959లో అమెరికాలోని శాస్త్రవేత్తలు ప్రయోగపూర్వకంగా చూపించారు. అంతకు చాలాముందే పెంపకందారులు వేసవిలో ఈగలు, వానపాములు, చలికాలంలో పాటపక్షుల కోసం పిండిలో పెంచే పురుగులు ప్రాణాలతో అందించి ఆ చిక్కు దాటారు.

చలికాలపు సమస్య తిండితో ఆగలేదు. మధ్య ఐరోపా కప్పలు మంచు పడే నెలల్లో నేలలో దాగి కదలకుండా ఉంటాయి; ఆ నెలల్లో కూడా వాటిని పొయ్యి దగ్గర వెచ్చగా ఉంచి మేపితే బతికివుంటాయి గానీ, వసంతంలో జతకట్టవు. తడినాచు, ఆకులు నింపిన చెక్కపెట్టెలో నీరు గడ్డకట్టనంత చల్లని నేలమాళిగలో వాటిని ఉంచి, వసంతంలో మెల్లగా వెచ్చదనంలోకి తెచ్చినవారి పెట్టెల్లోనే గుడ్లు కనిపించాయి. తమ ఊరి రుతుచక్రాన్నే పెట్టెలోకి తేవడం దీనికి కావలసిందంతా. స్వదేశీ కప్పలను పెంచేవారికి ఉష్ణమండల జీవుల కోసం దీపాలు, వేడినీటి గొట్టాలు పెట్టవలసిన ఖర్చు లేకపోయింది.

ఈ నేర్పు ప్రయోగశాలలోకి ప్రవేశించింది వియన్నాలో. 1873 ప్రపంచ ప్రదర్శన సందర్భంగా అక్కడి ప్రాటర్ ఉద్యానవనంలో కట్టిన అక్వేరియం భవనం తరువాత వివేరియం పేరుతో జంతుప్రదర్శనశాలగా నడిచి కుంటుపడగా, హన్స్ ప్షిబ్రాం అనే జంతుశాస్త్రవేత్త వృక్షశాస్త్రవేత్తలు విల్హెల్మ్ ఫిగ్డోర్, లియోపోల్డ్ ఫొన్ పోర్ట్‌హైమ్‌లతో కలిసి దాన్ని కొని, 1903లో ప్రయోగాత్మక జీవశాస్త్ర సంస్థగా ప్రారంభించారు. చచ్చిన జీవిని కోసి చూడటానికి బదులు బతికిన జీవిని తరాల తరబడి పెంచి, ఉష్ణోగ్రత, తేమ, వెలుగు మార్చి ఫలితం చూడాలన్నది వారి సంకల్పం. ఉష్ణోగ్రతను స్థిరంగా నిలిపే గదులు, వెలుగు సోకని నీటితొట్లు అందుకోసం కట్టారు. ఉభయచరాలను, అంటే నీటిలోనూ నేలమీదా జీవించే కప్పలు, సాలమాండర్లను, పెంచడంలో అసాధారణ నేర్పు ఉన్న పౌల్ కామెరర్ అనే యువకుడిని ఆ పెట్టెలు అమర్చే పనిలోకి తీసుకున్నారు.

కామెరర్ పేరు చరిత్రలో నిలిచింది మంత్రసాని కప్ప మూలంగా. నేలమీద జతకట్టే ఈ జాతిలో ఆడకప్ప పెట్టిన గుడ్ల దండను మగకప్ప తన వెనుకకాళ్లకు చుట్టుకుని, వారాల తరబడి మోస్తూ, ఎండిపోకుండా తడుపుకుంటూ, పొదిగే వేళకు నీటిలోకి దిగి పిల్లలను వదులుతుంది. ఫ్రాన్స్ వైద్యుడు పియేర్ దెమూర్ 1741లో మగకప్ప ఆడకప్పకు పురుడు పోస్తున్నట్టు దీన్ని వర్ణించగా, 1768లో వియన్నాలోనే లౌరెంటి అనే పండితుడు దానికి శాస్త్రీయనామం పెట్టారు. వాటిని అధిక ఉష్ణోగ్రతలో ఉంచితే చల్లదనానికి నీటిలో చేరి అక్కడే జతకడతాయనీ, ఇలా కొన్ని తరాలు గడిచాక మగవాటి చేతులమీద, నీటిలో జతకట్టే జాతుల మగకప్పలకు ఆడకప్పను జారకుండా పట్టుకునేందుకు లేచే నల్లని గరుకు మచ్చలు, వంశపారంపర్యంగా వచ్చాయనీ కామెరర్ ప్రకటించారు. జీవితకాలంలో సంపాదించిన లక్షణం సంతానానికి సంక్రమిస్తుందన్న ఆ వాదన జన్యుశాస్త్రం అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్న రోజుల్లో పెద్ద దుమారం రేపింది. ఇంగ్లండులో జన్యుశాస్త్రవేత్త విలియం బేట్సన్ ఆ నమూనాలు చూపమని పట్టుబట్టారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆ కప్పల వంశాలు నశించిపోగా, మచ్చలున్న ఒకే ఒక్క నిల్వ నమూనా మిగిలింది. 1926లో వియన్నా వచ్చి దాన్ని పరీక్షించిన అమెరికా శాస్త్రవేత్త జి.కె. నోబుల్, ఆ నలుపు చర్మం కిందికి ఎక్కించిన సిరా అని ఆ ఏడాది ఆగస్టులో నేచర్ పత్రికలో ప్రకటించారు. సెప్టెంబర్ 23న కామెరర్ కాల్చుకుని చనిపోయారు.

సిరా ఎక్కించినది ఎవరన్నది నేటికీ తేలలేదు. ఆ వివాదంమీద 1971లో ఆర్థర్ కోస్లర్ రాసిన పుస్తకం తరువాత కూడా తేలలేదు. అయితే వివేరియం చరిత్ర దృష్టితో చూస్తే ఆ వివాదంలో ఇంకొక లోపం కనిపిస్తుంది. మంత్రసాని కప్పను ఆ పరిస్థితుల్లో తరాలపాటు నీటిలో పెంచగలిగిన చెయ్యి కామెరర్‌ది ఒక్కటే. ప్రతికక్షులు ఆయన చెప్పినదాన్ని తిరిగి చేసి చూడలేకపోయారు. పెంపకపు నేర్పును తోటమాలి పనిగా లెక్కగట్టి, దాన్ని నేర్చుకోవడానికీ నేర్పడానికీ, ప్రతి అడుగూ రాసి ఉంచడానికీ పూనుకోని శాస్త్రలోకం, ఆ నేర్పుమీదే ఆధారపడిన ప్రశ్నను ఒక నిల్వ సీసాలోని ఒక్క కళేబరంతో తేల్చుకోవలసి వచ్చింది. ప్రయోగం తప్పో ఒప్పో బతికిన కప్పలతోనే తేలవలసింది. ప్రాటర్‌లోని ఆ సంస్థకు కూడా మంచి ముగింపు దక్కలేదు: 1938లో ఆస్ట్రియాను నాజీలు కలుపుకోగానే యూదుడైన ప్షిబ్రాంను వెళ్లగొట్టారు, 1944లో ఆయన టెరెజియెన్‌స్టాట్ నిర్బంధ శిబిరంలో చనిపోయారు, 1945 ఏప్రిల్‌లో వియన్నా కోసం జరిగిన పోరులో భవనం కాలిపోయింది.

రెండో ప్రపంచయుద్ధం తరువాత ఫ్లోరసెంట్ దీపాలు, అమ్మకానికి పెంచిన కీచురాళ్లు వచ్చి పని సులువు చేశాయి. మరోవైపు చిత్తడి నేలలు ఎండగట్టడంతోనూ, పొలాల్లో మందులు చల్లడంతోనూ ఊరి కప్పలే అరుదయ్యాయి. 1992లో ఐరోపా దేశాలు చేసిన సహజావాసాల చట్టం చెట్టుకప్పనూ మంత్రసాని కప్పనూ కఠిన రక్షణ గల జాబితాలో చేర్చి, వాటిని ప్రకృతి నుంచి పట్టడాన్నీ, అలా పట్టినవాటిని ఉంచుకోవడాన్నీ, అమ్మడాన్నీ నిషేధించింది. ఒకప్పుడు కిటికీలో నిచ్చెనతో కూర్చున్న కప్పకు ఇప్పుడు చట్టం కాపలా.

మంత్రసాని కప్ప వంశానికే చెందిన మరొక కప్ప ఈ కళకు కొత్త బాధ్యత తెచ్చింది. స్పెయిన్‌కు చెందిన మాయోర్కా దీవిలో దొరికిన శిలాజాల ఆధారంగా 1977లో అంతరించిన జాతిగా వర్ణించిన ఒక మంత్రసాని కప్ప, కొద్ది ఏళ్లకే అక్కడి సున్నపురాతి లోయల్లోని నీటిగుంటల్లో సజీవంగా కనిపించింది. 1985లో కొన్నింటిని జెరల్డ్ డరెల్ స్థాపించిన జెర్సీ దీవి జంతుశాలకు తెచ్చి పెంచారు. తడి, నీడ, రాతి సందులు, చిన్న నీటితొట్టి అమర్చిన పెట్టెల్లో అవి చక్కగా పిల్లలు పెట్టాయి. 1989 నుంచి ఆ సంతతిని మాయోర్కాలో వదలసాగారు. ఊరి కప్పను పెంచే పాత నేర్పు ఒక జాతిని కాపాడిన మొదటి ఉదాహరణల్లో ఇది ఒకటి.

అయితే ఆ విజయంలోనే ప్రమాదం దాగివుంది. ఉభయచరాలను ప్రపంచమంతటా చంపుతున్నది చర్మాన్ని పట్టే ఒక శిలీంధ్రమని 1998లో గుర్తించి, మరుసటి ఏట దానికి పేరు పెట్టారు. తోకకప్పల్లో అది నోటి పళ్లకే అంటుకుని పెద్దగా హాని చేయదు. పెరిగిన కప్పల్లో చర్మమంతా పాకి, చర్మం ద్వారా జరిగే లవణాల మార్పిడిని దెబ్బతీసి గుండెను ఆపుతుంది. మాయోర్కా గుంటల్లోకి అది జెర్సీలో పెంచి వదిలిన కప్పలతోనే చేరిందనీ, జెర్సీలో వాటితోపాటు ఉన్న దక్షిణాఫ్రికా గోళ్లకప్పల నుంచి వాటికి అంటివుంటుందనీ 2008లో పరిశోధకులు వెల్లడించారు. ఆ తప్పును దిద్దడానికి మాయోర్కాలో తోకకప్పలను గుంటల నుంచి తీసి శిలీంధ్రనాశని మందులో ముంచి, ఖాళీచేసిన గుంటల రాళ్లను క్రిమిసంహారిణితో కడిగి, మళ్లీ వదిలారు. ఆ విధంగా ప్రకృతిలో ఈ వ్యాధిని నిర్మూలించిన మొదటి ఉదంతం 2015లో ప్రచురితమైంది. ఇప్పుడు ప్రకృతిలో వదలడానికి కప్పలను పెంచేచోట ఒక్కొక్క జాతికి ఒక్కొక్క గది, ఆ గదికే వల, బకెట్టు, బూట్లు విడిగా ఉంచడం, బయటికి పోయే తొట్టినీటిని శుద్ధి చేయడం నియమంగా పాటిస్తున్నారు.